లారీ యజమానికి ఉన్న బాధ్యత తుపాకీ యజమానికి ఎందుకు లేదు?

తాడేపల్లిగూడెం దగ్గర జాతీయ రహదారి మీద లారీ గుద్ది ఒక కూలీ చనిపోతే, ఆ కుటుంబం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. బండి నడిపింది డ్రైవరే అయినా పరిహారం యజమాని, బీమా కంపెనీ కట్టాలి. థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కకూడదని చట్టమే చెబుతోంది.

అదే కూలీ ఎవరిదో లైసెన్సు తుపాకీకి బలైతే? ట్రిబ్యునల్ లేదు, బీమా లేదు. మిగిలేది 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద సివిల్ దావా. రెండేళ్లలోపు వేయాలి, కోర్టు ఫీజు చూసుకోవాలి. కాల్చింది వేరొకరైతే, యజమాని అజాగ్రత్తను కూడా బాధితులే నిరూపించాలి. రోజు కూలి మీద బతికే కుటుంబానికి ఇది అయ్యే పనేనా?

2020 డిసెంబరులో ఆదిలాబాద్‌లో ఒక మునిసిపల్ మాజీ వైస్ ఛైర్మన్ లైసెన్సు రివాల్వర్‌తో కాల్పులు జరిపితే ఒకరు చనిపోయారు. 2022లో కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. శిక్ష అవసరమే. కానీ జైలు శిక్ష పిల్లల చదువులకు డబ్బు కట్టదు.

అత్యాచారాల నిరోధక చట్టం కింద హత్య జరిగితే 2016 సవరణ ప్రకారం రూ.8.25 లక్షల సహాయం వస్తుంది. అది బాధితుల హక్కు. అయితే ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాది, ఆయుధం ఉంచుకున్నవాడి జేబులోది కాదు.

దళితులకు తుపాకీ పేలాకే ప్రమాదం మొదలవదు. పెత్తందారు ఇంట్లో అది ఉందని ఊరికి తెలిస్తే చాలు, సాక్షి నోరు మూతపడుతుంది. అందుకే 1995 నిబంధనల్లో 3వ నిబంధన ఉంది. అత్యాచారాలు జరిగే అవకాశమున్న ప్రాంతాల్లో, అవసరమని భావిస్తే, ఎస్సీ, ఎస్టీలు కానివారి ఆయుధ లైసెన్సులు రద్దు చేసి తుపాకులను ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి. అవసరమైతే ఎస్సీ, ఎస్టీలకు లైసెన్సులివ్వాలి.

2023 ఏప్రిల్‌లో అమెరికాలోని కొలంబస్‌లో, పెట్రోలు బంకులో పనిచేస్తున్న ఏలూరు విద్యార్థి కాల్పులకు బలయ్యాడు. తుపాకీ హక్కును రాజ్యాంగంలోనే రాసుకున్న ఆ దేశంలో కూడా, కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరం 2022లో తుపాకీ యజమానులకు బాధ్యతా బీమా తప్పనిసరి చేసింది. లైసెన్సును హక్కుగా కాక అనుమతిగా ఇచ్చే మన దేశానికి అదేం కష్టం?

దొంగిలించిన తుపాకీకి యజమాని ఎలా బాధ్యుడని అడుగుతారు. భద్రంగా దాచి, పోయిన వెంటనే పోలీసులకు చెప్పినవాణ్ని వదిలేయవచ్చు. ఆ నిరూపణ భారం మాత్రం అతనిదే కావాలి.

మా డిమాండ్లు రెండు. లైసెన్సుతోపాటు బీమా తప్పనిసరి చేయాలి. ప్రమాదాల ట్రిబ్యునల్ లాంటి సులువైన దారి బాధితులకు తెరవాలి.

చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. ఏలూరు, పశ్చిమ గోదావరి కలెక్టర్ల అధ్యక్షతన మూడు నెలలకోసారి జరగాల్సిన విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ సమావేశాల్లో ఒక ప్రశ్న వేద్దాం: 3వ నిబంధన కింద ఎన్ని తుపాకులు జమ చేయించారు? జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెడదాం.