జోని నుంచి తిరిగి వచ్చిన పెద్దాయన

పోయినసారి ఊరగాయ జాడీలతో విమానమెక్కిన ముచ్చట రాశాను కదా, అది చదివి హోసూరు నుంచి ఒక సోదరి అడిగారు: "ఆ వయసులో మీ ఇద్దరికీ ఆఫ్రికా ఎందుకమ్మా?" అని. మా అబ్బాయీ అదే అడిగాడు. వాడికీ సరైన జవాబు చెప్పలేకపోయాను.

2011 మే నెలలో బయల్దేరాం. ఆయనకు 64, నాకు 61. ఆయన లెక్కల మాస్టారుగా, నేను ఆస్పత్రి సిస్టరుగా రిటైరయ్యాం. మా చర్చి ద్వారా మాలావి దేశంలో ఒక మిషన్ ఆస్పత్రికి రెండేళ్ళకు కుదిరాం. జీతం లేదు, ఇల్లు, తిండిఖర్చు ఇస్తారు. నాకు వార్డు, ఆయనకు స్టోరు లెక్కలు. ఆదివారం ఆయన వాక్యం చెబుతుంటే పక్కనొక కుర్రాడు నిలబడి చిచేవా భాషలోకి మార్చేవాడు. ఈయన రెండు మాటలంటే ఆ కుర్రాడు పది అనేవాడు, జనం నవ్వేవారు. ఏం చెప్పాడో ఈయనకు నేటికీ తెలియదు.

మాలావి సన్నటి, పొడుగాటి దేశం. తూర్పు పక్కంతా సముద్రంలాంటి సరస్సు. వాళ్ళ న్సిమా మన సంగటికి అక్క వరస. మొక్కజొన్న పిండితో తెల్లగా చేస్తారు. పక్కన ఉసిపా అని ఎండు చేపలు, అచ్చం మన నెత్తళ్ళే. రాగిముద్ద తిని పెరిగిన కోలారు వాళ్ళం, తిండికి మాకేం కష్టం కాలేదు.

కష్టమైంది నా నోటితో. వార్డులో నాకు 35 ఏళ్ళ అలవాటు: మంచం దగ్గరికి వెళ్ళగానే "ఏమిటి బాధ? ఎన్నాళ్ళనుంచి?" అని అడగడం. అక్కడా అలాగే మొదలుపెట్టాను. రోగుల వెంట వచ్చి వంట చేసుకుంటూ ఉండే ఆడవాళ్ళు నన్ను చూస్తే తల తిప్పుకునేవారు. చివరికి ఒక చిన్న నర్సు మెల్లగా చెప్పింది: "అగోగో, ముందు ఎలా ఉన్నారని అడగాలి. వాళ్ళూ మిమ్మల్ని అడుగుతారు. ఆ తర్వాతే జబ్బు." అగోగో అంటే అమ్మమ్మ, తాత, ఎవరైనా. జుట్టుకు రంగు వేసుకుని వెళ్ళిన నాకు ఆ మాటే ముందు గుచ్చుకుంది సుమా! రంగు డబ్బా అయిపోయాక మళ్ళీ కొనలేదు.

వానలు నవంబరులో మొదలై ఏప్రిల్ దాకా ఉంటాయి. జనవరి, ఫిబ్రవరి నెలలు మరీ గడ్డు. పాత మొక్కజొన్న గాదెలో అయిపోతుంది, కొత్తది ఇంకా కంకి పట్టదు. మలేరియా కూడా అప్పుడే. మంచానికి ఇద్దరేసి పిల్లలు, ఒంట్లో రక్తం లేక కాగితాల్లా పాలిపోయి వస్తారు. శిక్షణ పొందిన నర్సులు చాలామంది ఇంగ్లండు వెళ్ళిపోయారు. మాలాంటి ముసలివాళ్ళను పిలిచేకన్నా ఆ విమానం ఖర్చుతో అక్కడి పిల్లలకే జీతం పెంచితే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది. ఈ మాట మా చర్చిలో చెబితే కొందరికి నచ్చలేదు.

అక్టోబరులో ఒక పెద్దాయన వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. ఆయన దగ్గు వరండాలో ఉండగానే నాకు తెలిసిపోయింది. మా నాన్న దగ్గు అది. ఛాంపియన్ రీఫ్ గనిలో రాళ్ళ దుమ్ము మింగిన దగ్గు. ఆ చిన్న నర్సు చేత అడిగించాను. "జోని" అన్నాడు. జోని అంటే జొహానెస్‌బర్గ్. అక్కడి బంగారు గనులకు మాలావి నుంచి వేలమంది కూలీలను వెనేలా అనే సంస్థ ద్వారా పట్టుకెళ్ళేవారు. 1974లో ఆ కూలీల విమానం కూలి 70 మందికి పైగా చనిపోయారు. అప్పటి అధ్యక్షుడు బాండా ఆ పంపకం ఆపించాడు. ఈయన అప్పుడే తిరిగి వచ్చాడు. తమ్ముడు మాత్రం రాలేదు. అక్కడే ఎవరినో కట్టుకుని ఉండిపోయాడట, ఉత్తరం ముక్క లేదు. అలాంటివాళ్ళను మచోనా అంటారు. వెళ్ళి తప్పిపోయినవాళ్ళు.

మా నాన్నదీ గనేనని చెప్పించాను. ఎంత లోతని అడిగాడు. మూడు కిలోమీటర్ల పైనే అన్నాను. వేడి ఎలా ఉండేదని అడిగాడు. నాన్న చెప్పినవన్నీ చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "నీ వాళ్ళకు నువ్వు ఇక్కడున్నట్టు తెలుసా?" అన్నాడు.

టీబీ మందులు రెండు నెలలు వాడాక ఇంటికి పంపాం.

2012 జనవరిలో ఒక రాత్రి ఫోను. ఆండర్సన్‌పేటలో మా అన్నయ్య పోయాడు. ఆ రోజుల్లో దేశంలో పెట్రోలు, డీజిలు లేవు; బంకుల దగ్గర రోజుల తరబడి వరసలు. ఆస్పత్రి జీపులో ఉన్నది అత్యవసరానికి దాచిన కాస్తే. లిలాంగ్వే చేరి, విమానం దొరికి, రెండు చోట్ల మారి వెళ్ళేసరికి సమాధి అయిపోతుంది. ఆయన జీపు అడుగుతానన్నారు. వద్దన్నాను. ఆ డీజిలుతో ఏ బిడ్డనో జిల్లా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. వద్దన్నాను గాని, తెల్లవార్లూ ఆయన మీద కోపంగానే ఉన్నాను, మరోసారి బలవంతం చేయలేదని.

తెల్లారేసరికి వాకిట్లో ఆడవాళ్ళు. తలల మీద కట్టెల మోపులు, పిండి గిన్నెలు. ఎవరు చెప్పారో తెలియదు. మాట్లాడకుండా లోపలికి వచ్చి నేలమీద నా చుట్టూ కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. అంతకుముందు నన్ను చూసి తల తిప్పుకున్నావిడ కూడా ఉంది. నేను తెలుగులో ఏడ్చాను. అన్నయ్యను పేరు పెట్టి పిలిచి, చిన్నప్పటివన్నీ చెప్పుకుంటూ ఏడ్చాను. వాళ్ళు "ఊఁ" కొట్టారు.

మగవాళ్ళు బయట చెట్టు కింద మా ఆయనతో కూర్చున్నారు. మధ్యాహ్నం నీళ్ళకని లేచి చూస్తే, కర్ర పట్టుకుని ఆ పెద్దాయన. అంత దూరం నడిచి వచ్చాడు.

"మీ అన్నది కూడా గనేనా?" అని అడిగించాడు.

"అవును, 2001లో మూసేదాకా."

తల ఊపి, దగ్గి, మళ్ళీ చెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. చీకటి పడేదాకా కదలలేదు.

వాళ్ళు తెచ్చిన కట్టెలు మాకు వానాకాలం అయిపోయేదాకా వచ్చాయి.