గోడకు రంగు వేస్తే పిల్లలకు చదువు వస్తుందా?

2020 మార్చిలో మూతపడిన బడులు తమిళనాడులో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు మళ్ళీ తెరుచుకున్నది 2021 నవంబరు 1న. పందొమ్మిది నెలలు పోయాయి. డబ్బున్న ఇళ్ళలో సెల్‌ఫోన్లు, ట్యూషన్లు ఆ లోటు కొంత పూడ్చాయి. మరి తెల్లవారకముందే నగర వీధులు ఊడ్చే తెలుగు అరుంధతీయ కుటుంబాల పిల్లల సంగతేమిటి? ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. పుస్తకంలోని తమిళం నేర్పేది బడి ఒక్కటే. అదే మూతపడితే ఆ పిల్లలు ఒక్క చదువునే కాదు, చదువుకునే భాషను కూడా పోగొట్టుకున్నట్టే.

పోయిన చదువు తిరిగి రాదని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము. 2021లో తమిళనాడు ప్రభుత్వం ‘ఇల్లం తేడి కల్వి’ మొదలుపెట్టింది. ఇంటి ముంగిటికే చదువు అని దాని అర్థం. వాడలోనే ఉండే వలంటీర్లు సాయంత్రం గంట, గంటన్నర పిల్లలను కూర్చోబెట్టి చదివించారు. వారిలో ఎక్కువమంది స్త్రీలే. అభిజీత్ సింగ్, మౌరీసియో రొమేరో, కార్తీక్ మురళీధరన్ అనే పరిశోధకులు ఆ రాష్ట్ర గ్రామాల్లో సుమారు 19,000 మంది పిల్లలను పరీక్షించారు. బడులు తెరిచిన ఆరు నెలల్లో, పోయిన చదువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని, అందులో 24 శాతం ఈ సాయంత్రపు తరగతుల వల్లేనని తేల్చారు.

దీనికి ఖర్చెంత? వలంటీరుకు నెలకు 1,000 రూపాయలు. ఒక్కొక్కరి దగ్గర 20 మంది పిల్లలనుకుంటే, పిల్లకు నెలకు 50 రూపాయలు. ఆ అక్కచెల్లెళ్ళ కష్టానికి వెయ్యి రూపాయలు చాలా తక్కువ, అది అన్యాయమే. ఆ అన్యాయాన్ని సరిదిద్ది రెండింతలు, మూడింతలు ఇచ్చినా, స్మార్ట్ బోర్డులకు పోసే డబ్బు ముందు అది ఎంత?

అయినా మన బడుల్లో డబ్బు ఎటు పోతోంది? మాకు తెలిసిన బడుల్లో ‘నేర్చుకోవడంలో వెనుకబడిన పిల్లల కోసం’ అని వచ్చిన సొమ్ము గోడల రంగులకూ, ఫ్లెక్సీలకూ, మార్చి నెలాఖరులో హడావుడిగా కొన్న వర్క్‌బుక్కులకూ పోయింది. యుటిలైజేషన్ సర్టిఫికెట్ సకాలంలో వెళ్ళింది. ఎంత ఖర్చయిందో అందులో ఉంటుంది, ఎంతమందికి చదవడం వచ్చిందో ఉండదు. హెడ్మాస్టర్ల ఇబ్బంది మాకు తెలియనిది కాదు. సమగ్ర శిక్షా కింద 31 నుంచి 100 మంది పిల్లలున్న ప్రభుత్వ బడికి ఏడాదికి వచ్చే కాంపోజిట్ గ్రాంటు 25,000 రూపాయలు. కరెంటు బిల్లు, రిజిస్టర్లు, మరమ్మతులు అన్నీ అందులోనే సర్దుకోవాలి. అందుకే అంటున్నాం: చదువు కోసం వేరుగా వచ్చిన ప్రతి రూపాయీ పిల్ల పక్కన కూర్చుని చదివించే మనిషికే ముందు చేరాలి.

ఇక మన ఇంటి సంగతి. విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, గ్రాంట్ల ఖర్చును వాళ్ళు పరిశీలించాలి. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టం మైనారిటీ పాఠశాలలకు వర్తించదని చెప్పింది. మన సంస్థల హక్కును కాపాడుకోవలసిందే. కానీ ఆ హక్కు లెక్క చెప్పకుండా తప్పించుకోవడానికి ఇచ్చింది కాదు. ప్రభుత్వ జీతాలతో నడిచే మిషన్ పాఠశాలలో ఒక దళిత తల్లి “ఈ డబ్బు ఏమైంది, సారు?” అని అడిగితే, “మాది మైనారిటీ స్కూలమ్మా” అనడం జవాబా? తలాంతుల ఉపమానం మీద ఏటా ప్రసంగాలు వింటాం. యజమాని లెక్క అడిగింది ఆ కథలోనే కదా!

యువతీయువకులారా, ఈ పని మీది. మీ వాడలోని బడికి తల్లిదండ్రులతో కలిసి వెళ్ళండి. ఏ గ్రాంటు వచ్చింది, దేనికి ఖర్చయింది, ఐదో తరగతిలో ఎంతమంది పేరా చదవగలుగుతున్నారు అని మర్యాదగా, గట్టిగా అడగండి. ప్రభుత్వ, ఎయిడెడ్ బడులు జవాబివ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన మిషన్ బడుల లెక్కలు నోటీసు బోర్డు మీద పెట్టమని పాస్టరేట్ కమిటీలో పట్టుబట్టండి. ఆదివారం ఆరాధన అయ్యాక ఖాళీగా ఉండే సంఘ హాలును వారంలో నాలుగు సాయంత్రాలు పిల్లలకు తెరవండి. తెలుగులో అర్థం చెప్పి తమిళంలో చదివించగలవాళ్ళు మీకంటే ఎవరున్నారు?

బడులు తెరిచిన నాడు ఒకటో తరగతిలో ఉన్న పిల్ల ఇప్పుడు పెద్ద తరగతికి వచ్చేసింది. ఆమె చదువుకు వచ్చిన డబ్బు గోడ మీద రంగై వెలిసిపోతోంది. ఆ లెక్క ప్రభుత్వాన్ని అడుగుదాం. అంతకంటే ముందు మన సంస్థలను అడుగుదాం.