కుదువలో ఉన్న పొలాలు

వాన రాని ఏడాది మన అనంతపురం జిల్లాలో ముందు మెడలోని బంగారం బ్యాంకుకు వెళ్తుంది. తర్వాత పాసుపుస్తకం. చివరికి ముసలివాళ్లను ఇంట్లో వదిలి మిగతావారు బెంగళూరు బస్సెక్కుతారు. అందుకే నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయానికి ఇక్కడి సంఘాల్లో వ్యాఖ్యానం అక్కర్లేదు. క్షామంలో ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువ పెట్టుకున్నామని ప్రజలు భార్యలతో సహా మొరపెట్టుకున్న అధ్యాయం అది.

అది చదివినప్పుడు మనకు తరిమెల నాగిరెడ్డి గుర్తుకు రావడం సహజమే. ఆయన విశ్వాసి కాదు, కమ్యూనిస్టు. సాయుధ మార్గాన్ని సమర్థించారు. కొండమీది ప్రసంగం విన్న మనం అందులో ఆయనతో ఏకీభవించలేం. కానీ సమరయుడు మన సంఘ సభ్యుడు కాకపోయినా ప్రభువు అతణ్ణే మాదిరిగా చూపించాడు కదా!

1917లో తరిమెల గ్రామంలో భూస్వామి ఇంట పుట్టిన ఆయన తన భూములను పేదలకు పంచారు. 1952లో అనంతపురం నుంచి సొంత బావ నీలం సంజీవరెడ్డిపై గెలిచి మద్రాసు శాసనసభకు వెళ్లారు. 1957లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఈ సభల వల్ల పేదలకు ఒరిగేది లేదని 1969లో శాసనసభ్యత్వాన్ని వదిలేశారు. కుట్ర కేసులో కోర్టుకిచ్చిన వాంగ్మూలమే ‘తాకట్టులో భారతదేశం’ పుస్తకమైంది. ఎమర్జెన్సీలో, 1976 జూలై 28న, అజ్ఞాతంలోనే కన్నుమూశారు.

సభను వదలడం సరైనదేనా? అమెరికాలో జాన్ లూయిస్ మరో దారి పట్టాడు. ఈయన బాప్టిస్టు బోధకుడు. 1965 మార్చి 7న సెల్మా వంతెన మీద పోలీసుల లాఠీలకు తల పగిలినా, 1987 నుంచి 2020లో మరణించేదాకా ప్రతినిధుల సభలోనే ఉండి పోరాడాడు. ఆయన అంత్యక్రియల్లో సహచరుని గురించి మాట్లాడిన జేమ్స్ లాసన్, యౌవనంలో నాగపూర్‌లో మిషనరీగా ఉండి గాంధీజీ అహింసను అధ్యయనం చేసినవాడు. మనకు లూయిస్ దారే దగ్గర. అయితే పదవిలో ఉండటమే గొప్ప కాదు. నెహెమ్యా పన్నెండేళ్లు అధికారిగా ఉండి, అధికారికి రావలసిన భత్యం ముట్టలేదు. ఈ మాట నేటి శాసనసభ్యులకు చెప్పబోతే నవ్వుతారేమో.

ఇంకొకటి. నెహెమ్యా గద్దించింది పరదేశులను కాదు, సొంత సహోదరులకు వడ్డీకిచ్చిన ప్రధానులను. పొలాలు ఆ దినమే తిరిగిమ్మన్నాడు. నూటికి మూడు వడ్డీకి తిప్పేవారు మన ఆలయాల్లోనూ ముందు వరుసలో కూర్చుంటారు. 2019లో వచ్చిన సాగుదారుల హక్కుల చట్టం కూడా కౌలు కార్డుకు భూయజమాని అంగీకారం కావాలంది. కార్డు లేనిదే కౌలు రైతుకు పంట రుణం, నష్టపరిహారం దొరకడం కష్టం. పొలాలున్న మన సంఘ పెద్దల్లో ఎంతమంది తమ కౌలుదారుకు ఆ సంతకం పెట్టారు?