జీపు స్టీరింగు పెట్టె కారుతున్నదా?

తాతలనాటి జీపును అమ్ముకోవడానికి మనసొప్పక, ఇంటి మనిషిలా చూసుకొనే కుటుంబాలు మనలో లేకపోలేదు. మహీంద్రా వారు బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పు ప్రారంభించిన నాటినుంచి ఈ బండికీ మన దేశానికీ చుట్టరికం కుదిరింది. జయపురం, కోరాపుట్ ఘాటు దారులు తెలిసినవారికి దాని విలువ వేరే చెప్పనక్కరలేదు. అటువంటి బండి నిలిపిన చోట రోజూ తెల్లవారేసరికి రూపాయి బిళ్ళంత నల్లని మరక కనిపిస్తే, "పాత బండి గదా, కారక ఏం చేస్తుంది" అని ఊరుకొనేవారే ఎక్కువ. ఆ మరక స్టీరింగు పెట్టె కిందిదైతే మాత్రం ఊరుకోదగిన సంగతి కాదని మా మనవి. బ్రేకు సన్నగిల్లితే గేరు ఉన్నది, చేతి బ్రేకు ఉన్నది. స్టీరింగు మొరాయిస్తే వెనుక ఏమున్నది?

ముందుగా పెట్టెలో ఏమున్నదో తెలుసుకొందాము. జీపుది రాస్ పద్ధతి స్టీరింగు. మనం తిప్పే చక్రపు కడ్డీ చివర, మరచుట్టు వలె గాడి తీసిన ఇనుప దిమ్మ ఉంటుంది. ఆ గాడిలో రెండు మొనలు దిగి ఉంటాయి. దిమ్మ తిరిగితే మొనలు జరుగుతాయి, వాటిని మోసే అడ్డపు ఇరుసు తిరుగుతుంది, ఆ ఇరుసుకు బయట బిగించిన చేయి ముందు చక్రాలను తిప్పుతుంది. ఇనుము మీద ఇనుము ఇంత ఒరిపిడితో పనిచేసే చోట పట్టే చమురు పావు లీటరు కూడా ఉండదు. అందులోంచి రోజూ కాస్త కారితే ఎన్నాళ్ళు నిలుస్తుంది?

కారే చోటు కనిపెట్టడం మొదటి పని. పెట్టెను కిరసనాయిలుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పైన పిల్లల పౌడరు పలుచగా చల్లండి. పది నిమిషాలు చక్రాన్ని ఇటూ అటూ తిప్పించి చూస్తే ఎక్కడ తడిసిందో పౌడరే చెబుతుంది. పక్క మూత అంచున తడిస్తే కాగితపు గాస్కెట్టు పోయింది, లేదా బోల్టులు వదులైనవి. మూత మీది సర్దుబాటు మర దగ్గరైతే దాని నట్టు సడలింది. చాలా బండ్లలో మాత్రం తడిసేది ఇరుసు బయటికి వచ్చే చోటనే. అక్కడి ఆయిల్ సీలు ఏళ్ళు గడిచి గట్టిపడి ఉంటుంది.

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. చమురు నిలవడం లేదని పెట్టె నిండా మామూలు గ్రీజు కూరుతారు. మరక ఆగుతుంది, నిజమే. కాని తిరిగే భాగం గట్టి గ్రీజును ఒకసారి పక్కకు నెట్టి దారి చేసుకొన్నదంటే, అది మళ్ళీ వెనక్కు పారి రాదు. నిండు పెట్టెలో మొనలు ఎండిపోతాయి. పెట్టెకు తగినది 90 నంబరు గేరు ఆయిలు. లోపల కంచు బుష్షులు ఉన్నవి గనుక జి.ఎల్.-4 రకం మేలు. బాగుచేయించే వరకు రోజులు గడవాలంటే 140 నంబరు చిక్కని ఆయిలు గాని, పారే గుణమున్న 0 లేక 00 నంబరు పలుచని గ్రీజు గాని వాడవచ్చును. అది మందే గాని చికిత్స కాదు.

చికిత్స ఇది. బయటి చేయిని ఊడదీసే ముందు ఇరుసు మీద, చేయి మీద ఎదురెదురుగా గీత పెట్టండి. సుత్తి దెబ్బలు వద్దు. ఆ దెబ్బలు లోపలి మొనలకు తగులుతాయి, పుల్లరుతోనే లాగించండి. పాత సీలు తీశాక, కొత్తది పెట్టబోయే ముందు ఇరుసును పైకీ కిందికీ కదిపి చూడాలి. కదిలితే బుష్షులు అరిగినవని అర్థం. ఊగే ఇరుసు మీద ఎంత మంచి సీలైనా నెల తిరగకముందే కారుతుంది. బుష్షులు మార్పించి, రీమరుతో సరిచేయించిన తరువాతే సీలు సంగతి. ఇరుసు మీద పాత సీలు అంచు గాడి కోసి ఉంటే, కొత్త సీలును కాస్త ముందుకో వెనక్కో కూర్చోబెడితే నున్నని చోట ఆనుతుంది. పెదవి లోపలికి, చమురు వైపుకే ఉండాలి. గాస్కెట్టు పాతదాని మందమే ఉండాలి.

చివరిది సర్దుబాటు. చక్రాలు తిన్నగా ఉన్నప్పుడే పక్క మర బిగించాలి. గాడి నడిమి భాగం సహజంగా బిగువుగా ఉండేటట్లు చేసినది. పక్కకు తిప్పి ఉంచి బిగిస్తే, తిన్నగా వచ్చేసరికి పట్టేస్తుంది. మలుపు తిరిగాక చక్రం తనంతట తాను వెనక్కు రాకపోతే బిగువు ఎక్కువైనదని గుర్తు.

అంబాసిడరు ఉన్నవారు దీనికోసం వెదకవద్దు. దానిది ర్యాకు, పినియన్ స్టీరింగు. అక్కడ చూడవలసినది రబ్బరు తొడుగులు.

మరొక్క మాట. స్టీరింగులో ప్లే ఒక్కనాడు రాదు. రోజుకొక రవ్వ పెరుగుతుంది, నడిపే పెద్దవారి చేయి దానికి అలవాటు పడుతుంది. వారికి బండి బాగానే ఉన్నట్లు తోస్తుంది. కొడుకో కోడలో చక్రం పట్టిన నాడు గాని లోపం బయటపడదు, అది ఘాటు మలుపులో కావచ్చును. అందుచేత ఏడాదికి ఒకసారైనా ఇంట్లో మరొకరి చేత మైదానంలో బండి నడిపించి, "ఎట్లా ఉన్నది?" అని అడగండి. వారు చెప్పినది చిన్నబుచ్చుకోకుండా వినండి.