ఖత్నా: లెక్కల్లో లేదు కాబట్టి దేశంలో లేనట్టేనా?

మేడ్చల్: ఏటా ఫిబ్రవరి 6 వచ్చిందంటే ప్రపంచవ్యాప్తంగా ఒక విషయంపై చర్చ జరుగుతుంది. ఆడపిల్లల జననాంగాలను కోసే ఆచారానికి వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి గుర్తించిన రోజు అది. మన దగ్గర మాత్రం ఆ రోజు మామూలుగానే గడిచిపోతుంది. ఇదంతా ఎక్కడో ఆఫ్రికాలో జరిగే వ్యవహారం, మనకేంటి సంబంధం అనుకునేవాళ్లే ఎక్కువ. కానీ ఈ ఆచారం మన దేశంలోనూ ఉంది. దానిపై సుప్రీంకోర్టులో కేసు కూడా నడుస్తోంది. లేనిదల్లా ఒక్కటే.. ప్రభుత్వం దగ్గర లెక్క.

హైదరాబాద్ ఉత్తర శివారు నుంచి చూస్తే ఈ సమస్య ఎక్కడ ఆగిపోయిందో తేలిగ్గా అర్థమవుతుంది. శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. మేడ్చల్ మండలం ఘన్‌పూర్‌లో వైద్య కళాశాల ఉంది. రేపటి లాయర్లు ఒకచోట, రేపటి డాక్టర్లు ఇంకోచోట తయారవుతున్న ప్రాంతమిది. ఖత్నా విషయంలో తేల్చాల్సింది చట్టం, గుర్తించాల్సింది వైద్యం. ప్రస్తుతానికి రెండూ ఎదురుచూపుల్లోనే ఉన్నాయి.

అసలు ఏంటీ ఖత్నా?

మన దేశంలో ఈ ఆచారం ప్రధానంగా దావూదీ బోహ్రా సమాజంలో కనిపిస్తుంది. షియా ముస్లింలలో ఇదొక శాఖ. ప్రపంచం మొత్తం మీద వీళ్ల జనాభా సుమారు 10 లక్షలు. గుజరాత్, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, రాజస్థాన్‌లలో ఎక్కువగా ఉంటారు. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలోనూ బోహ్రా కుటుంబాలు ఉన్నాయి. దేశంలోని ముస్లింలలో అత్యధికులకు ఈ ఆచారంతో సంబంధమే లేదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి.

ఆడపిల్లకు ఏడేళ్లు వచ్చేసరికి క్లిటోరిస్ పైన ఉండే చర్మపు పొరను కొంత కోస్తారు. ఒక్కోసారి ఆ భాగం కూడా తెగుతుంది. దీన్నే ఖత్నా లేదా ఖఫ్జ్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఆచారాన్ని నాలుగు రకాలుగా విభజించింది. ఖత్నా మొదటి రకం కిందకు వస్తుంది. వీటిలో దేనివల్లా ఆరోగ్యానికి మేలు లేదని, రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, మూత్ర సమస్యలు, మానసిక గాయం లాంటి ముప్పులు ఉంటాయని ఆ సంస్థ చెబుతోంది.

23 కోట్ల మంది.. ఆ లెక్కలో భారత్ లేదు

యునిసెఫ్ 2024 మార్చిలో ఇచ్చిన నివేదిక ప్రకారం ఈ గాయంతో బతుకుతున్న బాలికలు, మహిళలు 23 కోట్లకు పైనే. 2016లో ఈ అంచనా 20 కోట్లు. ఆఫ్రికాలో 14.4 కోట్లు, ఆసియాలో 8 కోట్లు, పశ్చిమాసియాలో 60 లక్షల మంది ఉన్నారని నివేదిక చెప్పింది. సోమాలియాలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 99 శాతం మందికి ఇది జరిగింది.

దేశవ్యాప్త సర్వే లెక్కలున్న 31 దేశాలు యునిసెఫ్ జాబితాలో ఉన్నాయి. వాటిలో భారత్ లేదు. కారణం సింపుల్. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ప్రశ్నే లేదు. 2017 డిసెంబరులో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ సుప్రీంకోర్టుకు ఒక మాట చెప్పింది. దేశంలో ఈ ఆచారం ఉందని చూపే అధికారిక డేటా గానీ, అధ్యయనం గానీ లేదంది. అడగని ప్రశ్నకు జవాబు లేకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

లెక్క తీస్తే ఏమవుతుందో తెలుగువాళ్లకు బాగా తెలుసు. మన ఊళ్లల్లో చిన్న వయసులోనే గర్భసంచి తీయించేసుకోవడం చాలా ఏళ్లు మామూలు విషయంగా నడిచింది. ఇదే జాతీయ సర్వే 2015-16లో ఆ ప్రశ్న అడిగింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 15-49 ఏళ్ల మహిళల్లో సుమారు 8 శాతం మందికి గర్భసంచి తీసేసినట్టు తేలింది. దేశ సగటు 3 శాతం దగ్గరే ఉంది. అంకెలు బయటికొచ్చాక అది ఇంటి విషయం కాస్తా విధాన సమస్యగా మారింది. అనవసర ఆపరేషన్లను అడ్డుకునే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమల్లోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఖత్నా విషయంలో ఆ మొదటి అడుగే పడలేదు.

లోపలి నుంచే వచ్చిన మార్పు

ప్రభుత్వం లెక్క తీయకపోయినా ఆ సమాజంలోని మహిళలే ముందుకొచ్చారు. 2015 చివర్లో మసూమా రానల్వీ నాయకత్వంలో బోహ్రా మహిళలు తమ పేర్లతోనే ఆన్‌లైన్ పిటిషన్ పెట్టారు. అప్పటిదాకా తల్లీకూతుళ్ల మధ్య కూడా గుసగుసగానే ఉన్న విషయమది. అదే ఏడాది మొదలైన సాహియో అనే సంస్థ ఆన్‌లైన్‌లో 385 మంది బోహ్రా మహిళలను సర్వే చేసింది. వాళ్లలో 80 శాతం మంది తమకు ఖత్నా జరిగిందని చెప్పారు. దాదాపు అంతే శాతం మంది ఇది ఇక కొనసాగకూడదన్నారు.

2018లో వీ స్పీక్ అవుట్ సంస్థ తరఫున వచ్చిన అధ్యయనంలో 94 మందిని ఇంటర్వ్యూ చేశారు. అందులో మగవాళ్లు కూడా ఉన్నారు. ఆ కుటుంబాల్లో ఏడేళ్లు దాటిన కూతుళ్లలో 75 శాతం మందికి ఖత్నా జరిగినట్టు తేలింది. చిన్నప్పుడు జరిగినది గుర్తున్న మహిళల్లో 97 శాతం మంది చాలా నొప్పి పుట్టిందని చెప్పారు. తమ దాంపత్య జీవితంపై ప్రభావం పడిందని దాదాపు మూడో వంతు మంది అన్నారు.

ఇవి చిన్న సర్వేలు. మాట్లాడటానికి ముందుకొచ్చినవాళ్లతో చేసినవి. దేశం మొత్తానికి ఇదే శాతం అని చెప్పడానికి కుదరదు. కానీ ఆచారం ఉందా లేదా అన్న ప్రశ్నకు మాత్రం జవాబు దొరికినట్టే.

అందరూ వద్దంటున్నారని కూడా కాదు. బోహ్రా మహిళల్లోనే మరో వర్గం ఖఫ్జ్‌ను సమర్థిస్తోంది. ఇది హాని లేని మతపరమైన ఆచారమని, ఆఫ్రికా దేశాల్లో జరిగే దానితో కలపొద్దని ఆ వర్గం సుప్రీంకోర్టులో వాదించింది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఇంకోటి ఉంది. ఆస్ట్రేలియాలో బోహ్రా సమాజానికి చెందినవాళ్లు 2015లో ఇలాంటి కేసులో దోషులుగా తేలారు. ఆ తర్వాత ఆస్ట్రేలియా, బ్రిటన్, అమెరికాల్లోని స్థానిక జమాత్‌లు అక్కడి చట్టాన్ని పాటించాలని, ఖత్నా చేయించొద్దని తమవాళ్లకు లేఖలు రాశాయి. స్పష్టమైన చట్టం ఉన్నచోట ఆ మాట వచ్చింది. మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు.

కోర్టులో ఎక్కడ ఆగింది?

2017లో న్యాయవాది సునీతా తివారీ సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. అప్పటి అటార్నీ జనరల్ కె.కె.వేణుగోపాల్ పిటిషన్‌ను సమర్థించారు. ఇది ఐపీసీ, పోక్సో చట్టాల కింద ఇప్పటికే నేరమన్నారు. అంటే డేటా లేదని చెప్పిన కేంద్రమే, అది నేరమని కూడా చెప్పింది. 2018 సెప్టెంబరులో కేసు ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్లింది. 2019 నవంబరులో శబరిమల రివ్యూ తీర్పుతో మత స్వేచ్ఛకు సంబంధించిన పెద్ద ప్రశ్నలతో ఇదీ ముడిపడింది. బాలిక శరీరంపై హక్కు ఎవరిదన్న ప్రశ్న అలా పెద్ద ఫైల్‌లో ఒక భాగమైపోయింది.

చట్టం వస్తే అంతా అయిపోతుందా అంటే అదీ లేదు. ఈజిప్టు 2008లోనే నిషేధించింది. అయినా అక్కడ 15-49 ఏళ్ల మహిళల్లో 87 శాతం మంది బాధితులే. పైగా ఆ పని మంత్రసానుల చేతి నుంచి డాక్టర్ల చేతికి మారింది. గాంబియా 2015లో నిషేధం తెచ్చింది. ఆ నిషేధాన్ని ఎత్తేయాలని వచ్చిన బిల్లును 2024 జులైలో అక్కడి పార్లమెంటు తిరస్కరించింది. వచ్చిన చట్టం నిలబడాలన్నా జనం పూనుకోవాల్సిందే.

మన దగ్గర ఏం చేయొచ్చు?

ముందు వైద్యం సంగతి. ప్రపంచవ్యాప్తంగా బాధితుల్లో ప్రతి నలుగురిలో ఒకరికి ఈ కోత పెట్టింది వైద్య సిబ్బందే అని యునిసెఫ్ అంచనా. మన దేశంలోనూ నగరాల్లో ఇది క్లినిక్‌లకు చేరుతోందని 2018 అధ్యయనం గుర్తించింది. శుభ్రంగా చేస్తే తప్పులేదనే వాదనకు డాక్టరే తోడైతే ఆచారానికి ఇంకో వందేళ్ల ఆయుష్షు పోసినట్టే. హైదరాబాద్‌లో సోమాలియా, సూడాన్ లాంటి దేశాల నుంచి వచ్చి చదువుకునేవాళ్లూ ఉన్నారు. ఇలాంటి గాయంతో కాన్పుకో, ఇన్‌ఫెక్షన్‌కో ఒక మహిళ వస్తే గుర్తించి, సిగ్గుపడేలా చేయకుండా చికిత్స ఇవ్వడం మన డాక్టర్లకు తెలిసుండాలి.

తర్వాత చట్టం సంగతి. పోక్సో ప్రకారం బాలికపై నేరం జరిగినట్టు తెలిస్తే ఫిర్యాదు చేయడం తప్పనిసరి. కానీ ఇక్కడ బాలికను తీసుకెళ్లేది కన్నతల్లి, నానమ్మ, అమ్మమ్మలే. ఏడేళ్ల పాప వాళ్ల మీద సాక్ష్యం చెప్పాలి. జైలు భయంతో ఆచారం మరింత చాటుకు వెళ్లిపోతుందన్న ఆందోళన దీన్ని వ్యతిరేకించే మహిళల్లోనూ ఉంది. అందుకే శిక్ష ఒక్కటే కాకుండా కౌన్సెలింగ్, అవగాహన కూడా ఉండేలా చట్టం రాయాల్సిన అవసరం ఉంది.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని చిన్నదే. వచ్చే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక ప్రశ్న చేర్చడం. దానికి రాజ్యాంగ ధర్మాసనం తీర్పు అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. లెక్క వస్తే, డేటా లేదన్న మాట కోర్టులో రెండోసారి చెప్పడం ఎవరికీ కుదరదు.

పిల్లలకు ప్రమాదం ఉందని తెలిస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి, మహిళలకు సాయం కావాలంటే 181కి ఫోన్ చేయొచ్చు.