ఆర్కిడ్ అలిగిందా?

మా పక్కింటి పిన్నిగారికి పెళ్లిరోజు కానుకగా కూతురు ఓ ఆర్కిడ్ మొక్క ఇచ్చింది. వంకాయరంగు పూలు రెండు నెలలపాటు వాడకుండా ఉండేసరికి ఆవిడ మురిసిపోయారు. ఆ తర్వాత పూలు రాలిపోయాయి. ఏడాదిన్నర గడిచినా మళ్లీ మొగ్గ లేదు. ‘అమ్మాయి వస్తే ఏం చెప్పనూ? చేజేతులా పాడుచేశాననుకుంటుందేమో’ అని ఆవిడ దిగులు. వెళ్లి చూస్తే హాల్లో టీవీ పక్కన, నల్లమట్టి నింపిన కుండీలో ఉంది. ఆకులు మాత్రం ముదురాకుపచ్చగా నిగనిగలాడుతున్నాయి. అసలు చిక్కు అక్కడే!

ఆర్కిడ్ ఆకులు మరీ ముదురు రంగులో ఉన్నాయంటే వెలుతురు చాలడం లేదని అర్థం. లేతాకుపచ్చగా ఉంటేనే పూలకు సిద్ధమవుతున్నట్లు. అలాగని మధ్యాహ్నపు ఎండలో పెడితే ఆకులు మాడిపోతాయి. తూర్పువైపు కిటికీ గానీ బాల్కనీ గానీ అయితే ఉదయపు నీరెండ సరిపోతుంది. పడమటివైపైతే పైన షేడ్‌నెట్ కట్టాలి.

మన ఇళ్లకు ఎక్కువగా వచ్చేవి ఫెలనాప్సిస్, డెండ్రోబియం రకాలు. వెడల్పాటి ఆకులుండే ఫెలనాప్సిస్‌కి పూకాడ రావాలంటే కొన్ని వారాలపాటు చల్లదనం తగలాలి. పగలు 25 డిగ్రీలు, రాత్రి 18-20 డిగ్రీలు ఉంటే దానికి హాయి. ఎప్పుడూ 28 డిగ్రీలు దాటిన వేడిలోనే ఉంటే ఆకులు వేస్తుందే తప్ప పూయదు. కాబట్టి నవంబరు నుంచి రాత్రిపూట చల్లగాలి తగిలే చోట ఉంచండి. చలి 15 డిగ్రీల కన్నా తగ్గితే లోపలికి తెచ్చేయండి. కోస్తా ఊళ్లలో ఉండేవారికి వేడిని తట్టుకునే డెండ్రోబియం తేలిక.

ఇక మట్టి సంగతి. ఈ మొక్కలు అడవిలో చెట్ల కొమ్మల్ని పట్టుకుని పెరుగుతాయి. మన మామిడిచెట్ల మీద కనిపించే వండా టెసెల్లాటా కూడా ఆర్కిడే. చెట్టు ఆహారాన్ని అది దోచుకోదు, ఆసరా మాత్రమే తీసుకుంటుంది. దాని వేళ్లకు గాలి ఆడాలి. అందుకే మట్టి తీసేసి బొగ్గులు, ఇటుక ముక్కలు, కొబ్బరిడొక్కు ముక్కలు కలిపి, చిల్లులున్న కుండీలో నాటాలి. వేళ్లు వెండిరంగులోకి మారితే నీళ్లు పోయండి, పచ్చగా ఉంటే ఆగండి. ఆకుల మధ్య మొవ్వులో నీరు నిలిస్తే కుళ్లిపోతుంది. బోరునీళ్లలోని ఉప్పు వేళ్లకు పడదు. వాననీళ్లు పట్టి ఉంచుకుంటే మంచిది.

ఎరువు కొంచెమే చాలు. 20-20-20 ఎరువును లీటరు నీటికి గ్రాము చొప్పున కలిపి, పదిహేను రోజులకోసారి పోస్తే సరి. మొగ్గలు వచ్చాక కుండీని అటూ ఇటూ తిప్పొద్దు. పండిన అరటి, మామిడి పళ్ల దగ్గర అస్సలు ఉంచొద్దు. వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి మొగ్గలు రాలిపోతాయి. పూలు అయిపోయాక ఫెలనాప్సిస్ కాడ పచ్చగానే ఉంటే కింది నుంచి రెండుమూడు కణుపులు వదిలి కత్తిరించండి. కొన్నిసార్లు అక్కడి నుంచే మళ్లీ కొమ్మ వేసి పూస్తుంది. డెండ్రోబియం పాత కాండాలను మాత్రం ఎండిపోయేదాకా తీయొద్దు. మొక్కకు ఆహారం దాచిపెట్టేది అవే.

పిన్నిగారు కుండీ మార్చి, మొక్కను తూర్పు బాల్కనీలోకి తెచ్చారు. జనవరిలో ఓ పొద్దున్నే పిలిచి ‘ఇదిగో, ఇంకో వేరు వచ్చింది’ అని చూపించారు. వేరు కొస గుండ్రంగా ఉంటుంది. ఇది కాస్త బల్లపరుపుగా, పైకి చూస్తూ ఉంది. ‘వేరు కాదు పిన్నిగారూ, పూకాడ!’ అన్నాను. ఆవిడ నాతో మాట్లాడటం ఆపేసి, కూతురికి ఫోన్ చేయడానికి లోపలికి పరుగెత్తారు.