పెద్దల రేడియోలను అమ్మవచ్చునా?

ఇంటి పెద్దలు గతించిన పిదప పొలము పంచుకొనుటకు దస్తావేజులు కలవు. బంగారము పంచుకొనుటకు త్రాసు కలదు. వా రొక గదినిండ పాత రేడియోలను విడిచి పోయినచో ఏమి చేయవలెనో చెప్పువారు లేరు. మా కుటుంబమున కీ చిక్కు తటస్థించి రెండు సంవత్సరము లైనది. మా పెదతండ్రిగారు మిషను పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించుచు, సాయంకాలములందు ఊరివారి రేడియోలను బాగుచేయుచుండెడివారు. ట్రాన్సిస్టరు రేడియోలు వచ్చి, పెద్ద కొయ్యపెట్టెల వాల్వు రేడియోలను జనులు అటకలమీదికి త్రోయుచున్న కాలమున వారు వానిని అడిగి తెచ్చుకొని దాచిరి. వారికి సంతానము లేదు. వారు గతించునాటికి వెనుక గదిలో నిరువది మూడు రేడియోలుండెను.

వానిని అమ్మవచ్చునా యను ప్రశ్నకు, అమ్మవచ్చు నని మా యుత్తరము. వాడువారు లేక, చూచువారు లేక, చీకటిగదిలో చెదలకు విడిచిన వస్తువు వలన గతించిన వారి కేమి గౌరవము? అయితే అమ్ముటకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. అది చేయక మేము పోగొట్టుకొన్నదానిని దాచకుండ వ్రాసినచో, ఇంటిలో నిట్టి గది యున్న తలిదండ్రులకు ఉపయోగపడు నని తలంచుచున్నాము.

మా పెద్దమ్మగారు మొదట సమ్మతింపలేదు. "ఆయన యుండగా ఒక్క మరయైన అమ్మలేదు. పోయి యేడాది తిరుగక మునుపే సంతలో బెట్టుదురా?" అని యడిగిరి. ఆ గది కప్పు కారుచున్నదనియు, పెట్టెలకు చెదలు పట్టినవనియు, కుమార్తె కళాశాల రుసుమునకు గడువు సమీపించినదనియు మా తమ్ముడు చెప్పెను. ఇద్దరి మాటయు నిజమే. రుసుము కట్టవలసిన తండ్రిని లోభి యనుట తగదు. ఏబది యేండ్లు ఆ రేడియోల దుమ్ము దులిపిన యిల్లాలిని చాదస్తురా లనుటయు తగదు. చట్టప్రకారము చూచినను మొదటి హక్కు పెద్దమ్మగారిదే. వా రేమనుకొనిరో గాని, నాలుగు దినములు మౌనముగా నుండి, "మీ యిష్టము" అనిరి. ఆ మాటను మేము సమ్మతిగా తీసికొంటిమి. అది సమ్మతి కాదని తరువాత తెలిసినది.

అమ్మకమునకై రేడియోలను శుభ్రపరచుచు, ప్రతిదాని వెనుక అట్ట విప్పి, లోపలి దుమ్మును, సాలెగూళ్లను, కాగితపు ముక్కలను ఊడ్చి పెరటిలో గుప్పగా బోసితిమి. ఆ రాత్రి వాన కురిసెను. మఱునాడు పదునెనిమిదవ రేడియో విప్పినపుడు గాని మే మా కాగితములలో నొకదానిని చదువలేదు. అది పెదతండ్రిగారి చేతివ్రాత. ఆ రేడియో యే యింటినుండి యే సంవత్సరమున వచ్చినది, తా మే వాల్వు మార్చినది, ఇంకను ఏ లోపము మిగిలినది అందులో వ్రాసియుండిరి. పెరటిలోనికి పరుగెత్తితిమి. పదునేడు రేడియోల చీట్లును నాని ముద్దయైయుండెను.

మిగిలిన ఆరింటిలో నొక చీటి యిట్లున్నది: "పెద్దకొడుకు పుట్టిన యేట కొన్నారట. 1965 యుద్ధవార్తలు వీధివా రందఱు దీని యొద్దనే విన్నారట. ఇచ్చునపుడు ఆ యిల్లాలు నాబులు మార్చవద్దని కోరినది. మార్చలేదు." ఇంటివారి పేరును చీటిలో కలదు గాని మే మిచట వ్రాయము. ఆ రేడియోను చూచినవారికి రెండు నాబులు ఒక రంగువి, మూడవది వేఱు రంగుదియై లోపముగా కనబడును. చీటి చదివినవారి కది లోపము కాదు. తక్కిన పదునేడింటికిని ఇట్టి మాట యేదో యుండి యుండును. అది యెంత వెదకినను తిరిగి రాదు.

మఱియొక తొందరపాటును చెప్పవలసి యున్నది. దీనిని విద్యార్థులు ముఖ్యముగా గమనింపవలెను. కొనుగోలుదారునకు "పాడుచున్నది" అని చూపుటకై మే మొక రేడియో తీగను గోడప్లగ్గులో పెట్టితిమి. నిమిషములో వేడివాసన వచ్చెను. పిదప పొగ వచ్చెను. వాల్వు రేడియోలోని కండెన్సరులు ఏండ్ల తరబడి వాడకున్న చెడిపోవును. అట్టి రేడియోకు 230 వోల్టుల విద్యుత్తు నొక్కసారిగా నిచ్చినచో రెక్టిఫయరు వాల్వును, ట్రాన్సుఫార్మరును కాలిపోవచ్చును. తెలిసిన మెకానిక్కులు నూరు వాట్ల ఫిలమెంటు బల్బు నొకదానిని వరుసలో కలిపి, దాని గుండ విద్యుత్తు నిత్తురు. బల్బు మొదట వెలిగి పిదప మందగించినచో పెద్ద దోషము లేదని గ్రహింతురు. నిండుగా వెలుగుచునే యున్నచో వెంటనే తీసివేయుదురు. ఏసీ, డీసీ రెంటికిని పనిచేయు రకపు రేడియోలలో విద్యుత్తును వేఱుచేయు ట్రాన్సుఫార్మరు లేదు గనుక లోపలి ఇనుపచట్టమునకే కరెంటు వచ్చుచుండవచ్చును. తీగ తీసివేసిన పిదపను కండెన్సరులలో కొంతసేపు విద్యుత్తు నిలిచి యుండును. కావున బాలు రెవరును అటకమీది రేడియోను దించి ప్లగ్గులో పెట్టరాదు. వెనుక అట్ట విప్పి వ్రేలు పెట్టరాదు. పనిచేయని రేడియోను పనిచేయనిదిగానే అమ్ముట మేలు. కొనువా డది విని వెల తగ్గించును గాని మనలను నిందింపడు.

ఇక వెల మాట. పాతవస్తు వనగానే బంగారమను భ్రమ యీ మధ్య ప్రబలినది. ఇంగ్లండులో 1934లో వెలువడిన గుండ్రని బేకలైటు ఎక్కో రేడియో వంటివి కొన్ని, వాని రూపము కొఱకు ధనికులు వెదకి కొనునవి. మన యిండ్లలోని మర్ఫీ, ఫిలిప్సు, బుష్ రేడియోలు వేలకొలదిగా తయారైనవి. వానికి గొప్ప వెల రాదు. 1972 నాటి పురావస్తువుల చట్టము నూరేండ్లు నిండిన వస్తువులకు వర్తించునది గనుక 1940, 1950 దశకముల రేడియోలకు దాని యడ్డు లేదు. వెలను నిర్ణయించునది పేరుకంటె నెక్కువగా సమగ్రత. స్టేషన్ల పేర్లు వ్రాసిన అద్దము పగులకుండుట, నాబులు అసలువే యగుట, వెనుక అట్ట యుండుట, లోపల నెవరును క్రొత్తభాగములు ఇఱికింపకుండుట చూతురు. కొయ్యపెట్టెకు క్రొత్త వార్నీషు పూసి మెఱిపించిన వానికంటె పాతబడిన మెఱుపుతో నున్నదానిని తెలిసినవారు ఎక్కువగా కోరుదురు. మేము రెండింటికి వార్నీషు పూయించితిమి. దాని ఖర్చైనను రాలేదు.

సమగ్రతలో లైసెన్సు పుస్తకమును చేర్చవలెను. ఈనాటి బాలురకు వింతగా తోచును గాని, 1933 నాటి చట్టము ననుసరించి లైసెన్సు లేక రేడియో నుంచుకొనుట నేరముగా నుండెను. ఏటేట పోస్టాఫీసునకు పోయి రుసుము చెల్లించి పుస్తకములో ముద్ర వేయించుకొనవలెను. ఆ ముద్రల వలన రేడియో యే యూరిలో, ఏయే సంవత్సరములలో పాడినదో తెలియును. మా యొద్ద మిగిలిన పుస్తకములలో నొకదాని మొదటి ముద్ర 1949 నాటిది. విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ఆరంభమైనది. అంతకుమునుపు కోస్తావారు తెలుగు మాట వినుటకు 1938లో స్థాపింపబడిన మద్రాసు కేంద్రమును పట్టుకొనుచుండిరి. తమ జిల్లా ప్రక్కనే కేంద్రము వచ్చినదని విని ఆ యింటి యజమాని రేడియో కొని యుండునా? ఊహయే గాని, ముద్ర లేనిచో ఆ యూహయైనను కలుగదు. అట్టి పుస్తకమును రేడియోనుండి వేఱుచేసి చిత్తుకాగితములవానికి వేయువారిని చూచుచున్నాము.

మేము ఐదు రేడియోలను పాతయినుము కొనువానికి తూనికకు అమ్మితిమి. అతనియందు దోషము లేదు. రాగితీగకును, ఇనుమునకును న్యాయమైన వెల కట్టెను. ఆ సాయంకాలము పెద్దమ్మగారు గది తలుపు తెఱచి చూచి, "ఆ యైదును ఎవరి యింటికి పోయినవి?" అని యడిగిరి. మా యొద్ద ఉత్తరము లేదు. వారు కోపింపలేదు. "అమ్ముడు. కాని యెక్కడికి పోవునో నాకు చెప్పి అమ్ముడు" అనిరి. అమ్మకమును గూర్చి మే మింతవరకు విన్న నియమములలో నింతకంటె సబబైనది లేదు. అమ్మువాడు కొనువాని గుణగణములను విచారించుట వ్యాపారము కాదని మా తమ్ముడు వాదించెను. నిజమే, ఉప్పు, పప్పు అమ్మునపుడు ఎవరును అట్లు విచారింపరు. రేడియో విషయమున విచారించుటచే మాకు నష్టము కలుగలేదు. తూనికకు ఐదింటికి వచ్చినదానికంటె, చీటితోను లైసెన్సు పుస్తకముతోను ఇచ్చిన యొక్క రేడియోకే హెచ్చు వచ్చెను. రుసుము గడువులోపలనే కట్టితిమి.

విచారించుటలో చిక్కులు లేకపోలేదు. ఒకరు వచ్చి, పెట్టెలు మాత్రము కావలె ననియు, లోపలిది తీసి పారవైచి అద్దపు బీరువాలుగా మార్చి హోటలులో పెట్టుకొందు మనియు చెప్పిరి. మంచి వెల యిచ్చెద మనిరి. మాకు మొదట రోత కలిగెను. తరువాత ఆలోచించి, లోపలిభాగములు తుప్పుపట్టి ఎవరివలనను బాగుపడనివి రెండింటిని వారికిచ్చి, బాగుపడదగిన వానిని ఇయ్యమంటిమి. ఆ రెండింటి మాట విని పెద్దమ్మగారు, "పోనీ, నలుగురి కంట బడును" అని నవ్విరి. పాడదగిన రేడియోను బీరువాగా మార్చుట మాత్రము నేటికిని మాకు సమ్మతము కాదు.

ఇరువది మూడింటిలో నొకదానిని అమ్ముటకు మాకు హక్కే లేకుండెను. దాని ప్రక్కన తెల్లరంగుతో పంచాయతీ పేరు వ్రాసియుండెను. పంచాయతీ రేడియో యనగా నేమో తాతలను అడిగినచో చెప్పుదురు: ఊరివారందఱు కూర్చుండి వార్తలును, వ్యవసాయదారుల కార్యక్రమమును వినుటకై సర్కారు వారిచ్చిన రేడియో. అది మరమ్మతునకై పెదతండ్రిగారి చేతికి వచ్చి, తిరిగి తీసికొనిపోవువారు లేక నిలిచిపోయినది. "ఎవరడుగుదురు? అమ్మివేయుద" మని కొందఱు బంధువులు చెప్పిరి. మరమ్మతునకు వచ్చిన వస్తువు ఏబది యేండ్లు మన యింట నున్నను మనది కాదు. దానిని ఆటోలో పెట్టుకొని ఆ పంచాయతీ కార్యాలయమునకు పోతిమి. అచటి యుద్యోగి దస్త్రములు వెదకి, దాని ప్రసక్తి యెందును లేదనియు, సర్పంచి సమ్మతితో ఏ పాఠశాలకైనను ఇయ్యవచ్చు ననియు కాగితము వ్రాసి యిచ్చెను. ఇపుడది మన పాఠశాల భౌతికశాస్త్రపు గదిలో నున్నది. తీగ తీసివేసితిమి గనుక ప్లగ్గులో పెట్ట వీలులేదు. వాల్వులు మాత్రము అద్దముగుండ కనబడును.

ఆరు చీట్లు గల రేడియోలను చీట్లతోనే ఇచ్చితిమి. చీట్లు పోయిన వానికి పెద్దమ్మగారిని అడిగి, వారికి జ్ఞాపకమున్నంత వ్రాసి లోపల నంటించితిమి. కొన్నిటికి రెండు మాటలే దొరకినవి. "రెండెడ్ల బండిలో వచ్చినది" అని యొకదానికి, "దీనిలో మా పెండ్లినాటి పాట" అని యొకదానికి. ఈ రెండవదానిని అమ్ముట కెవరికిని మనసు రాలేదు.

అది మర్ఫీ రేడియో. మెకానిక్కు దానిని బాగుచేసెను. దాని వెనుక అట్టను మేమే ఆ మొదటి దినమున చెత్తతో పారవైచితిమి. మధ్యను మర్ఫీ ముద్రయు, పైవరుసను గాలి పోవు రంధ్రములును గల అట్ట యేదైనను చదువరుల యింట నున్నచో, పాఠశాల కార్యాలయమున తెలియజేయ వేడుచున్నాము. వెల చెల్లించెదము, ఎవరి యింటనుండి వచ్చినదో దానిపై వ్రాసి యుంచెదము.